మా శౌరమ్మత్తకు లేని జబ్బు

పోయిన నెల ఉయ్యూరు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ నాకు మా అత్త కథే చెప్పింది. నేనెవరో ఆమెకు తెలియదు. ఆడవాళ్ళకు టికెట్టు తీసేశాక పల్లెవెలుగు బస్సుల్లో నిలబడడానికి కూడా చోటు ఉండడం లేదు. ఆ రోజు ఎలాగో కిటికీ పక్క సీటు దొరికింది. కంకిపాడు దాటాక ఆమె నా ఒళ్ళో ఉన్న బైబిలు సంచి చూసి, "ఏ సంఘమమ్మా?" అని అడిగింది. భవానీపురం అన్నాను.

"భవానీపురమా. అయితే నీకు తెలిసే ఉంటదిగా. ఇడ్లీ బండి శౌరమ్మని ఒకామె ఉందంటగా."

తల ఊపాను.

"నాలిక మీద క్యాన్సరంటమ్మా. పెద్ద పెద్ద డాక్టర్లు చూసి, ఇంటికి తీసుకుపోయి ఏది అడిగితే అది పెట్టండని పంపేశారంట. పెట్టినా తినలేదుగా పాపం, గంజి తప్ప. బుగ్గలు లోపలికి పోయి మనిషి పుల్లయిపోయిందంట. అట్టాంటిది, ఉజ్జీవ కూడికల్లో స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని 'నాకు జబ్బు లేదు' అని ఒక్క కేక వేసిందంట. అంతే. తెల్లారేసరికి బుగ్గలు నిండినయ్యంట. వేటమాంసం ఎముకలతో సహా నమిలిందంట. చూసిన డాక్టరు బాప్తిస్మం తీసుకున్నాడంటగా."

ముందు సీటావిడ కూడా వెనక్కి తిరిగి వింటోంది. "అలా కాదండీ" అనే మాట నా గొంతు దాకా వచ్చింది.

"స్తోత్రం అనమ్మా, ఊరికే వింటావేంటి," అంది ఆమె.

స్తోత్రం అన్నాను. ఆమె చక్కెర ఫ్యాక్టరీ దగ్గర దిగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ కథ ఇప్పటికి చాలామంది నోట విన్నాను. విన్న ప్రతిసారీ మా అత్త జబ్బు ఇంకాస్త ముదిరి ఉంటుంది. మొదట్లో కడుపులో గడ్డ అన్నారు. తర్వాత అది గొంతుకెక్కింది. ఇప్పుడు నాలుక మీదకు వచ్చి, పక్కన బాప్తిస్మం తీసుకునే డాక్టరు కూడా చేరాడు. నలుగురిలో నోరు తెరిచి చెప్పడం నాకు చేతకాదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శౌరమ్మ మా నాన్నకు అక్క. మాది ఉయ్యూరు దగ్గర చెరుకు కొట్టే కూలీల కుటుంబం. పుట్టింటి వైపు అందరం కతోలికులం. శౌరి పునీతుడి పండుగ రోజుల్లో పుట్టిందని ఆమెకు ఆ పేరు పెట్టారు. భవానీపురం లాజరు మామకిచ్చి పెళ్ళి చేశాక ఆమె సంఘం మారింది. మా గుడిలో ఫాదర్ గారు పూజ చెబుతారు, మేం జవాబులు చెబుతాం, జపమాల తిప్పుకుని ఇంటికి వస్తాం. ఆడవాళ్ళ చేతికి మైకు ఇచ్చే అలవాటు మా ఊళ్ళో లేదు. మామవాళ్ళ సంఘం అలా కాదు. పాటలు, చప్పట్లు, ఆ మీదట సాక్ష్యాలు. దేవుడు తమకు చేసిన మేలు ఏమిటో ఒక్కొక్కరూ లేచి అందరికీ చెప్పాలి. జబ్బు తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో, కోర్టు కేసు గెలిచామనో చెబుతారు.

కొత్త కోడలిగా వెళ్ళిన మొదటి ఆదివారమే అప్పటి పాస్టరు అయ్యగారు ఈమెను లేపి సాక్ష్యం చెప్పమన్నారట. ఏం చెప్పాలో తెలియక మామ వంక చూసిందట. "ఈ వారం దేవుడు నీకేం చేశాడో అది చెప్పు," అని గుసగుసగా అన్నాడట మామ. ఆమె కాసేపు ఆలోచించి, "ఇక్కడి కుళాయి నీళ్ళు తియ్యగా ఉన్నాయి. నిన్న మా అత్తగారు నా పెరుగులో మీగడ వేశారు. దేవునికి స్తోత్రం," అని కూర్చుందట. అందరూ నవ్వారట. ఆ పెద్ద అయ్యగారు మాత్రం నవ్వకుండా, "బాగా చెప్పావమ్మా. ప్రతి ఆదివారం చెప్పు," అన్నారట. కొత్త పిల్ల చిన్నబోకూడదని ఆయన అన్న మాట అది. మా అత్తకు అది ఆజ్ఞ అయింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం లేస్తూనే ఉంది. దొండకాయలు లేతగా దొరికాయని, కరెంటు పోయినా పిండి రుబ్బడం అప్పటికే అయిపోయిందని, పక్కింటి పసివాడు తనను చూసి నవ్వాడని, ఇలాంటివే చెబుతుంది. సంఘం వినీ వినీ అలవాటు పడింది. కుర్రకారు వెనక బెంచీల్లో, "ఈ వారం ఏం కూరో," అని పందేలు వేసుకుంటారు.

లాజరు మామ గొల్లపూడి మార్కెట్లో మూటలు మోసేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మూట దించి, మంచినీళ్ళు తాగి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆ వచ్చే ఆదివారం కూడా ఆమె లేచి, చనిపోయిన రోజు పొద్దున ఆయన వంకాయ కూర రెండుసార్లు వేయించుకుని తిన్నాడని స్తోత్రం చెప్పిందట. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు పదో తరగతి మధ్యలో బడి ఆగిపోయి, ఇంట్లో ఖాళీగా ఉంటే నాన్న నన్ను ఆమె దగ్గర దించి వెళ్ళాడు. అప్పటి నుంచి బండి దగ్గర పచ్చళ్ళు నావి, ఇడ్లీ ఆమెది.

ఆమెతో పని చేయడం ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు. పొద్దున్నే జనం మీద పడుతుంటారు. ఆఫీసులవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆటోవాళ్ళు, అందరికీ తొందరే. అత్త ఇడ్లీ పాత్ర మూత తీస్తుంది. తీసి, వడ్డించకుండా నిలబడుతుంది.

"ఇటు చూడవే అమ్మాయ్."

"ఏంటత్తా?"

"ఆవిరి చూడు. ఎండ పడి ఎట్టా మెరుస్తందో."

"చూశాన్లే. పార్సిలు కట్టు."

"చూళ్ళేదు నువ్వు. పచ్చడి వంక చూస్తన్నావ్. అదిగో, పోయింది. మళ్ళీ వస్తదా అది?"

"ఇంకో వాయికి వస్తుంది."

"అది వేరే ఆవిరి."

రోజూ వచ్చే బ్యాంకాయన, "శౌరమ్మ గారూ, నాకు ఆవిరి వద్దులెండి, ఇడ్లీ చాలు," అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వి, "మనమూ అంతేగా సార్. కాసేపు కనపడి పోయేవోళ్ళం. వాక్యంలో ఉంది," అంటుంది. పొద్దున్నే టిఫిను తినడానికి వచ్చిన మనిషితో అనే మాటేనా అది? చెబితే వినదు. మబ్బు పడితే చూడమంటుంది. చింతపండు పిసుకుతుంటే వాసన చూడమంటుంది. రేపు ఉంటామో లేదో, ఉన్నప్పుడే చూడాలంటుంది. ఈ లోపల పచ్చడి అడుగంటుతుంది.

ఇంతకీ జబ్బు సంగతి. ఫిబ్రవరిలో ఆమెకు పళ్ళ నొప్పి వచ్చింది. పళ్ళ డాక్టరు చూసి, పై పళ్ళు దాదాపు అన్నీ కదిలిపోయాయని పీకేశాడు. చిగుళ్ళు మానాకే కట్టుడు పళ్ళు పెడతానన్నాడు. ఆ డాక్టరు ఉండేది ఒక పెద్ద ఆసుపత్రి మేడ మీద. కింద క్యాన్సరు డాక్టరు బోర్డు ఉంది. ఆ గుమ్మంలోంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వస్తున్న మా అత్తను సంఘంలో వాళ్ళెవరో చూశారు. పళ్ళు లేకపోయేసరికి బుగ్గలు పీక్కుపోయాయి. నమలలేక జావ తాగేది. బోసినోరు కనపడకుండా ఎప్పుడూ కొంగు అడ్డం పెట్టుకునేది. అది ఏడుపని అందరూ అనుకున్నారు.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఆమె లేచి, "ప్రభువు నాకు ఇంకో వారం ఇచ్చాడు. ఈ వారం రాగిజావలోకి మజ్జిగ బాగా కుదిరింది. చల్లగా దిగింది. దేవునికి స్తోత్రం," అంది. వెనక బెంచీల్లో ఎవరూ నవ్వలేదు. ఇప్పుడున్న అయ్యగారు కొత్తవారు, కుర్రవారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆరాధన యూట్యూబులో లైవు వెళుతుంది కాబట్టి, రాని వాళ్ళు కూడా అది చూశారు.

ఆ సాయంత్రమే దీనమ్మ గారు ఇద్దరిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. ఆమె మా స్త్రీల సమాజానికి పెద్ద. మంచి మనిషే. చావైనా పురుడైనా ఎవరింట్లోనైనా ముందు అడుగు ఆమెదే. కానీ ఆమె ఒకటి అనుకున్నారంటే అది జరిగిపోయినట్టే లెక్క.

"మా దగ్గర దాపరికమేంటి శౌరీ," అన్నారు అత్త చేయి పట్టుకుని. "డాక్టర్లు ఎన్నాళ్ళన్నారు?"

"ఎన్నాళ్ళో డాక్టర్లకేం తెలుసు వదినా? పైవాడికి తెలుసు."

దీనమ్మ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు భయంగా లేదా?"

"దేనికి భయం? ఇచ్చిన రోజు ఇచ్చినట్టు తీసుకోడమేగా."

వచ్చిన ముగ్గురూ కొంగులతో కళ్ళొత్తుకున్నారు. నేను వంటింటి గుమ్మంలోంచి, "పళ్ళండీ. పళ్ళు పీకించుకుంది," అన్నాను.

"తెలుసమ్మా," అన్నారు దీనమ్మ గారు జాలిగా. "ఆ మందులకి పళ్ళు కూడా ఉండవు. మా తోడికోడలికీ ఇంతే."

వాళ్ళు వెళ్ళాక నేను అత్త మీద విరుచుకుపడ్డాను. "జబ్బు లేదని చెప్పొచ్చుగా?"

"జబ్బుందా అని ఎవరడిగారే? ఎన్నాళ్ళని అడిగారు. నాకు తెలీదని చెప్పా. నీకు తెలుసా?"

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడాలి?

ఆ మర్నాటి నుంచి మా ఇంటికి తీర్థంలా జనం. బత్తాయిలు, హార్లిక్సు సీసాలు, కొబ్బరి బొండాలు. వచ్చిన వాళ్ళంతా ఆమె తల మీద నూనె రాసి ప్రార్థన చేసేవాళ్ళు. నేను టీ కాచి ఇచ్చేదాన్ని. గిన్నెలు తోమితే మళ్ళీ టీ. పిండి రుబ్బే వేళకు వచ్చేవాళ్ళు, కూరగాయలకు వెళ్ళే వేళకు వచ్చేవాళ్ళు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నా బుగ్గ నిమిరి, "నీ సంగతేంటో తర్వాత," అని గొంతు తగ్గించి అనేవాళ్ళు. తర్వాత ఏమిటి? మనిషి లోపల కూర్చుని బత్తాయి రసం తాగుతోంది. అత్తకు మాత్రం ఇదంతా బాగుంది. ఏళ్ళ తరబడి గుమ్మం తొక్కని వాళ్ళు వచ్చి కబుర్లు చెబుతుంటే సంబరపడేది. జబ్బని వచ్చారని నేను చెప్పినా ఆమె చెవికెక్కలేదు. పళ్ళు పోయిన దానికి పరామర్శ అనుకుంది. ఆ ఆదివారం బత్తాయిలకు సాక్ష్యం చెప్పింది. సంఘం వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత స్త్రీల సమాజం శుక్రవారాలు ఉపవాసం పట్టింది. మే నెలలో ఉజ్జీవ కూడికలు. పున్నమి ఘాటు వైపు వెళ్ళే దారిలో ఖాళీ స్థలంలో పందిరి వేస్తారు, బయటి నుంచి ప్రసంగీకులు వస్తారు. దానికి వేసిన ఫ్లెక్సీ మా బండికి ఎదురుగానే కట్టారు. ఒక పక్క ప్రసంగీకుడు, ఇంకో పక్క మా అత్త. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటో. కింద "మరణపు అంచు నుండి మహిమ సాక్ష్యం: సహోదరి శౌరమ్మ" అని ఎర్ర అక్షరాలు. అత్తకు చదువు రాదు. ఫొటో మాత్రం తలెత్తి చాలాసేపు చూసింది.

"ఆ చీర నాకు బాగా నప్పిందే," అంది.

నాకు అక్కడే చెట్నీ బకెట్టు తల మీద గుమ్మరించుకోవాలనిపించింది. కింద ఏం రాసి ఉందో చదివి వినిపించబోతున్నాను. ఇంతలో అన్వరీ గారు వచ్చారు. మా వీధిలోనే జాకెట్ల మీద మగ్గం పని చేస్తారు. కూతురు జుబియాకు రోజూ ఇడ్లీ కట్టించుకుంటారు.

"శౌరక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోకు," అన్నారు. "నీకు క్యాన్సర్ ఉందా, లేదా?"

"నాకా? లేదే."

"లేదు కదా. మరి చచ్చిపోతున్నావని గోడకి బొమ్మ ఎందుకేశారు?"

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. నా వంక చూసింది. నేను ఫ్లెక్సీ చదివి వినిపించాను. అన్వరీ గారు, "అల్లా చల్లగా చూడాలి నిన్ను. రెండు ఇడ్లీలో పచ్చడి ఎక్కువ పొయ్," అని పార్సిలు తీసుకుని వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళకు సూటిగా అడిగింది ఆమె ఒక్కతే.

ఆ మధ్యాహ్నమే ఇంకో కబురు తెలిసింది. దీనమ్మ గారికి షుగరు. ఉపవాసాలు చేసి చేసి కళ్ళు తిరిగి పడిపోయారట. అత్త చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో బయల్దేరింది. నేను చెప్పులు చేత పట్టుకుని వెనకే పరుగెత్తాను. దీనమ్మ గారు మంచం మీద ఒత్తిగిలి గ్లూకోజు నీళ్ళు తాగుతున్నారు.

"వదినా, నాకు జబ్బు లేదు," అంది అత్త గుమ్మంలోంచే.

"ఆమెన్," అన్నారు దీనమ్మ గారు.

"ఆమెన్ కాదు. నిజంగా లేదు."

"అదీ. అట్టాగే ఉండాలి విశ్వాసం. జబ్బు ఒంట్లో ఉన్నా నోటితో లేదనే చెప్పాలి. స్టేజీ మీద కూడా ఇదే మాట అను."

"ఒంట్లో కూడా లేదు వదినా."

"స్తోత్రం," అన్నారు ఆమె, కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి. "నువ్వు బతకాలని నేను నా మందులు కూడా పక్కన పెట్టాను శౌరీ."

అత్త ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది.

"లేదంటే నమ్మరు," అంది. "ఉన్నది పోయిందని చెప్తే దేవుడి ముందు అబద్ధం. ముందు నుంచీ లేదని అందర్లో చెప్తే, నా కోసం అన్నం మానేసినోళ్ళ మొహం మీద కొట్టినట్టు. ఆమె మందులు కూడా మానేసిందే."

"అసలు వెళ్ళకు. జ్వరమని చెప్పు."

"అదీ అబద్ధమేగా. పైగా జ్వరమంటే మళ్ళీ అందరూ వస్తారు."

అది నిజమే. హార్లిక్సు పెట్టడానికి అలమరలో చోటు లేదు.

కూడికలు దగ్గరపడే కొద్దీ ఆమెకు నిద్ర పట్టలేదు. పొద్దున బండి దగ్గర మూత తీసి గబగబా వడ్డించేసేది. ఆవిరి చూడమని అనలేదు. వాయి తర్వాత వాయి దించి, పార్సిళ్ళు కట్టి, తల వంచుకుని పని చేసేది. నాకు కావలసింది అదే కదా. అయినా చిరాకుగానే ఉండేది. బ్యాంకాయన కూడా, "ఏంటి శౌరమ్మ గారూ, ఇవాళ నా బస్సు తప్పేట్టు లేదే," అని ఏదో పోగొట్టుకున్నవాడిలా అన్నాడు.

కూడికల ముందు రోజు కట్టుడు పళ్ళు వచ్చాయి. ఇంతకంటే తప్పుడు ముహూర్తం ఉండదు. పళ్ళు పెట్టుకోగానే పీక్కుపోయిన బుగ్గలు నిండాయి, మాట గట్టిగా వచ్చింది. "ఒక్క రోజు ఆగి పెట్టుకో," అన్నాను. "మైకులో మాట అర్థమవ్వాలిగా," అంది.

ఆ సాయంత్రం పందిట్లో ఒక్క ఆకు కదల్లేదు. పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టారు గానీ అవి వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతున్నాయి. జనం అట్టముక్కలతో విసురుకుంటున్నారు. అత్త చేతి సంచీ, నీళ్ళ సీసా పట్టుకుని నేను స్టేజీ మెట్ల మీద నిలబడ్డాను. అయ్యగారు ఆమె పేరు పిలిచారు. దీనమ్మ గారు భుజం పట్టి ఎక్కించి, పక్కనే నిలబడ్డారు. నిండిన బుగ్గలతో ఆమెను చూసి జనంలోంచి ఒక్కసారిగా, "ఓ" అనే చప్పుడు వచ్చింది.

అత్త మైకు తీసుకుంది. "అందరికీ వందనాలు," అంది. "నా కోసం అన్నం మానేసిన అక్కలకీ చెల్లెళ్ళకీ వందనాలు. ఎవరు ఎవరి కోసం మానేస్తారు ఈ రోజుల్లో? నేను బతికున్నంత కాలం తలుచుకుంటాను. కానీ నేను దేవుడి ముందు నిజమే చెప్పాలి. నాకు జబ్బు లేదు."

ఆమె ఇంకో మాట కోసం గాలి పీల్చుకుంది. ఆ సందు చాలు వాళ్ళకు. పందిరి అంతా హల్లెలూయా అని లేచింది. ప్యాడ్స్ వాయించే అతను రెండు చేతులా వాయించాడు. కీబోర్డు అందుకుంది. అయ్యగారు ఆనందంలో కళ్ళ నీళ్ళు పెట్టుకుని మైకు ఆమె చేతిలోంచి తీసుకుని పాట ఎత్తుకున్నారు. "ముందు కూడా లేదు," అంది మా అత్త మైకు లేకుండా, చేతనైనంత గట్టిగా. "ఎప్పుడూ లేదు. పళ్ళు పీకించుకున్నాను." వినేవాళ్ళు ఎవరు?

ఒక్కరు విన్నారు. దీనమ్మ గారి చప్పట్లు మధ్యలో ఆగాయి. ఆమె అత్త మొహంలోకి, నోట్లోకి చూశారు. తర్వాత మళ్ళీ చప్పట్లు కొట్టారు గానీ, పాటకు కుదరలేదు.

మర్నాడు పొద్దున అత్త బండి పెట్టకముందే అయ్యగారింటికి వెళ్ళి, కూర్చోబెట్టి, పళ్ళు తీసి మరీ చూపించింది. పాపం ఆయన చిన్నబోయారు. "నేను సరిగ్గా అడగలేదమ్మా," అన్నారు. ఆదివారం ఆరాధనలో లేచి, మన సహోదరికి అసలు జబ్బే లేదని, పొరపాటు తనదేనని సంఘం ముందు ఒప్పుకున్నారు. నిజాయితీగల మనిషి. కానీ అప్పటికే స్టేజీ మీది ముక్కను ఎవరో కోసి ఫోన్లలో పంపేశారు. అది గుడివాడ దాటి, కూచిపూడి దాటి, మచిలీపట్నం దాకా పోయింది. అయ్యగారు ఒప్పుకున్న ముక్కను మాత్రం ఎవరూ ఎవరికీ పంపలేదు.

దీనమ్మ గారు కూడికలయ్యాక కొన్నాళ్ళు మా వైపు రాలేదు. ఒక రోజు పొద్దున జనం పలచబడ్డాక వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

"ముందు నుంచీ లేదా?" అన్నారు.

"లేదు వదినా."

"మరి నేనెందుకు పస్తులున్నట్టు?"

"నా కోసం."

"జబ్బు లేనిదానికా?"

"ఎప్పటికైనా పోయేదాన్నేగా. కాస్త ముందుగా చేశావనుకో."

దీనమ్మ గారు కోపంగా చూశారు. ఆ కోపం ఎక్కువసేపు నిలబడలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. కుదుటపడటానికి నేను మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. "మందులు వేసుకుంటన్నావా?" అని అత్త అడిగింది. వేసుకుంటున్నానన్నారు. "అయితే రెండు ఇడ్లీ తిను. ఇప్పుడే దించా. ఇదిగో, ఇటు చూడు, ఆవిరి," అంది అత్త. దీనమ్మ గారు చూశారు. నా పచ్చడి అడుగంటింది.

ఇప్పుడు అత్త సాక్ష్యానికి లేస్తే కొత్తగా వచ్చినవాళ్ళు క్యాన్సరు కబురు వినాలని ముందుకు జరుగుతారు. ఆమె వాళ్ళకు గోంగూర సంగతి చెబుతుంది. కొందరు నిరాశపడి ఫోన్లు తీస్తారు. మా బండి దగ్గరకు కూడా దూరం నుంచి వస్తున్నారు, ఆమె చేత తల మీద చెయ్యి పెట్టించుకోవడానికి. నేను చేతులెత్తి దణ్ణం పెట్టి, ఇడ్లీ కావాలా అని అడుగుతాను. ఆమె ఎవరినీ కసరదు. చెయ్యి పెడుతుంది, జబ్బు లేదని చెబుతుంది, ఎండన పడి వచ్చారని మజ్జిగ పోస్తుంది. వాళ్ళు మజ్జిగ సీసాలో పట్టుకుని వెళుతున్నారు. ఎన్నని చెప్పను?

బస్సులో ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజం. స్టేజీ మీద ఆమె నాకు జబ్బు లేదు అన్న మాట నిజమే. ఫోన్లలో తిరిగే వీడియో అక్కడితో ఆగిపోతుంది. మైకు పోయాక కూడా మా అత్త వెంటనే దిగలేదు. తన సాక్ష్యం తాను పూర్తి చేసుకునే దిగింది. మెట్ల మీద ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది. అప్పుడే కృష్ణానది వైపు నుంచి గాలి తిరిగింది. ఆ సాయంత్రం ఆమె దేవునికి స్తోత్రం చెప్పింది ఆ గాలి వచ్చినందుకు.